మా హాస్టల్ కంప్యూటరు నిద్రపోకుండా చేసుకున్నాం



పోస్టు కొంచెం పెద్దది. లైనక్స్ వేసిన డెస్క్‌టాప్ కంప్యూటరు దానంతటదే నిద్రపోతా ఉంటే ఎట్ల ఆపాలి అనేది విషయం. వినడానికి చిన్నదే. కానీ మీ హాస్టల్‌లోనో, తండాలోనో, కాలనీలోనో పదిమంది కలిసి వాడుకునే కంప్యూటరు ఒకటి ఉంటే ఇది చిన్న విషయం కాదు. మాకు దీనివల్ల దాదాపు ఒక టర్మ్ చదువు దెబ్బతినింది. అందుకే ఒక్కో మెట్టు విడిగా రాస్తున్నా. ఓపికుంటే చివరిదాకా చదవండి, లేకుంటే సేవ్ చేసి పెట్టుకోండి.

ముందు మా దగ్గర ఏముందో చెప్తా. నేను వాల్మీకిపురంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నా. మాకంటే ముందు ఇక్కడ ఉండి పోయిన ఒక అన్న బెంగళూరులో పని చేస్తాడు. తను వాడి పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్‌ను బస్సులో వేసుకొచ్చి మా స్టడీ రూముకు ఇచ్చినాడు. పాత పెట్టె. కొత్త విండోస్ దాంట్లో నడవలేదు. అందుకని డెబియన్ లైనక్స్ వేసినాం. డెబియన్ 1993లో మొదలైంది, డబ్బులు కట్టే పని లేదు, పాత మిషన్ల మీద కూడా బాగానే నడుస్తుంది.

ఆ కంప్యూటర్‌ను ఒక చిన్న వైఫై రౌటర్‌కు తగిలించినాం. రౌటర్‌కు ఇంటర్నెట్ లేదు. అయినా హాస్టల్‌లో ఎవరైనా ఫోన్‌లో ఆ వైఫై పట్టుకుని, బ్రౌజర్‌లో ఒక నంబరు కొడితే కంప్యూటర్లో ఉన్నవి ఫోన్‌లో తెరుచుకుంటాయి. కివిక్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని ఇంటర్నెట్ లేని చోట చదువుకునేదానికి చేసిందది. దాంతో తెలుగు వికీపీడియా పెట్టినాం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పెట్టినాం. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియో పాఠాల్లో మా డిగ్రీకి పనికొచ్చేవి పెన్‌డ్రైవ్‌ల మీద కొద్దికొద్దిగా తెచ్చి పెట్టినాం. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్, లెక్కల పాఠాలు కూడా ఉన్నాయి. ఫోన్ ఉంటే చాలు, డేటా అక్కర్లేదు. మా హాస్టల్‌లో నెలనెలా ప్యాక్ వేయించుకోగలిగే వాళ్లు తక్కువ కాబట్టి ఇది మాకు పెద్ద ఆసరా.

సాయంత్రం ఏడుకు స్టడీ అవర్. ఎవరో ఒకరు పోయి మౌస్ కదిపి కంప్యూటర్‌ను లేపుతారు. అందరూ తలా ఒక మూల కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటా ఉంటారు. ఏడూ ఇరవైకి అన్ని ఫోన్లలో ఒకేసారి వీడియో ఆగిపోయి గుండ్రంగా తిరగడం మొదలు. ‘మళ్లీ పండుకుందిరా!’ అని వరండాలో కేక. ఒకడు పరుగెత్తి పోయి లేపుతాడు. మళ్లీ ఇరవై నిమిషాలు. మళ్లీ కేక. కొన్ని వారాలు ఇదే తంతు.

ఇంటర్ ఫస్టియర్ తమ్ముడు ఒకడు రోజూ ఫిజిక్స్ పాఠం వినేవాడు. కొన్నాళ్లకు రావడం మానేసినాడు. ఎందుకు రావట్లేదని అడిగితే, ‘అది నిలబడదులే అన్నా. ఆదివారం మదనపల్లె మార్కెట్‌కు పోయి టమోటా క్రేట్లు ఎత్తి వచ్చినా. ఆ దుడ్లతో డేటా వేయించుకున్నా’ అన్నాడు. వాడి ఆదివారం అట్ల పోయింది. పాఠం వాడి పక్క రూములోనే ఉంది, ఉచితంగా ఉంది, అయినా వాడు కూలికి పోయి అదే పాఠాన్ని కొనుక్కున్నాడు.

ఇంకొక మాట కూడా చాలామంది నోట విన్నా. ‘పాత కంప్యూటరు కదా, అట్లనే చేస్తాదిలే.’ ఈ ‘అట్లనే’ అనే మాట నాకు బాగా తెలుసు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా యాడి ఏ ఆఫీసుకు పోయినా, వాళ్లు ఏం చెప్పినా, ‘అది అట్లనేనంట’ అని తిరిగి వచ్చేది. ఎవరు అట్ల పెట్టినారు, మార్చేదానికి దారి ఉందా అని అడిగే అలవాటు మన ఇండ్లలో తక్కువ. అడిగితే ఏమంటారో అని భయం. కంప్యూటర్‌ను అడిగితే అది ఏమీ అనదు కదా. అందుకని దాన్నే అడుగుదామని కూర్చున్నా.

అసలు ఎందుకు నిద్రపోతుంది

సస్పెండ్ అంటే హాస్టల్ నుంచి పంపేయడం కాదు లెండి. కంప్యూటరు చేస్తున్న పనిని ర్యామ్‌లో పట్టుకుని, మిగతావన్నీ ఆపేసి, కొద్దిపాటి కరెంటుతో కునుకు తీయడం. మౌస్ కదిపితే ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి లేస్తుంది. హైబర్నేట్ అని ఇంకొకటి ఉంది. అది ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కులో రాసిపెట్టి పూర్తిగా ఆగిపోతుంది. ఈ రెంటికీ ఉన్న తేడా కరెంటు పోయే ఊళ్లలో బాగా తెలుస్తుంది. డెస్క్‌టాప్‌కు బ్యాటరీ ఉండదు. సస్పెండ్‌లో ఉన్నప్పుడు కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. సేవ్ చేయని రికార్డు, సగం నింపిన ఫారం, ఏదైనా సరే.

‘ఎవరూ వాడట్లేదు’ అని కంప్యూటరు ఎట్ల అనుకుంటుంది? కీబోర్డు మీద వేలు పడిందా, మౌస్ కదిలిందా అని చూస్తుంది. అంతే. నలభై ఫోన్లు దాని నుంచి పాఠం వింటా ఉన్నా దాని లెక్కలో అది వాడకం కాదు.

మన వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, వేరుశనగ చేనులో అడవిపందులు పడకుండా రాత్రి మంచె మీద కావలి ఉంటాం కదా. కావలి ఉన్న మనిషి చెయ్యి కదపడు, కాలు కదపడు. దూరం నుంచి చూసినోడు ‘వీడు ఖాళీగా ఉన్నాడు, ఇంటికి పంపేద్దాం’ అంటే చేను ఏమైతుంది? మా కంప్యూటరు పని కావలి పని. దాన్ని కొలిచే కొలతేమో చెయ్యి కదిపే పనికి పెట్టిన కొలత.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెతికినా. డెబియన్‌లో మేము వాడే తెర పేరు గ్నోమ్. బొమ్మలు, కిటికీలు, మెనూలు అన్నీ చూపించేది అదే. 2018లో వచ్చిన గ్నోమ్ 3.28లో, కరెంటుకు తగిలించి ఉన్న మిషన్ కూడా ఇరవై నిమిషాలు ముట్టుకోకపోతే సస్పెండ్ అయ్యేటట్టు ముందే పెట్టి ఇచ్చినారు. అది దురుద్దేశంతో పెట్టింది కాదు. ప్రపంచంలో కోట్ల కంప్యూటర్లు ఎవరూ లేకుండా ఊరికే వెలుగుతా ఉంటే ఎంత కరెంటు వృథా! ఒక మనిషికి ఒక కంప్యూటరు ఉండే ఇంట్లో అది మంచి అమరికే. ఆ మనిషి లేచి పోతే కంప్యూటర్‌కు పని లేనట్టే లెక్క. మా దగ్గర ఒక కంప్యూటర్‌కు నలభై మంది. వాళ్లు దాని ముందర కూర్చోరు, వేరే రూముల్లో ఉంటారు. ఆ అమరిక పెట్టిన వాళ్ల కళ్ల ముందు మనలాంటి రూము లేదు.

డిఫాల్ట్ అంటే ఇదే. ఎక్కడో ఎవరో, వాళ్లకు తెలిసిన వాడకాన్ని బట్టి తీసుకున్న నిర్ణయం. మనకు సరిపోతే ఉంచుకుంటాం, సరిపోకపోతే మార్చుకుంటాం.

దీనికి మన పక్కనే ఒక మంచి ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లకు రివర్ అని ఒక సంస్థ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసి కూర్చునే బడులు ఉంటాయి. పాఠ్యపుస్తకం ఏమో ఒక తరగతికి ఒక టీచరు, అందరూ ఒకే రోజు ఒకే పేజీ అన్నట్టు రాసి ఉంటుంది. రివర్ వాళ్లు ఆ పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా చేసి, ఏ పిల్లోడు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ముందుకు పోయేటట్టు ఒక నిచ్చెనలాగా అమర్చినారు. పశువుల వెంట పోయి వారం రోజులు బడి మానేసిన పిల్లోడు తిరిగి వచ్చి తన కార్డు దగ్గర మొదలుపెట్టుకోవచ్చు. దానికి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరు వచ్చింది. బడిని పుస్తకానికి తగ్గట్టు మార్చకుండా పుస్తకాన్నే బడికి తగ్గట్టు మార్చుకున్నారు. మా పని దాని ముందర ఎంతో చిన్నది, దారి మాత్రం అదే.

మేము చేసిన మార్పులు

కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటిది, అందరికీ కనబడేది. సెట్టింగ్స్ తెరవండి. మెనూలు తెలుగులో పెట్టుకున్న వాళ్లకు ‘అమరికలు’ అని కనబడుతుంది. దాంట్లో పవర్ అనే చోటికి పోతే ‘ఆటోమేటిక్ సస్పెండ్’ ఉంటుంది. దాన్ని ఆపేయండి. పక్కనే ‘స్క్రీన్ బ్లాంక్’ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆపొద్దు, ఐదు నిమిషాలకు పెట్టండి. తెర నల్లబడటం వేరు, కంప్యూటరు నిద్రపోవడం వేరు. తెర ఆరిపోయినా లోపల పని నడుస్తానే ఉంటుంది, మానిటర్ కరెంటు మిగులుతుంది.

రెండోది, పవర్ బటన్. తెర నల్లగా ఉంటే మన పిల్లలు ఏమనుకుంటారు? ఆఫ్ అయ్యింది అనుకుంటారు. ఆన్ చేద్దామని బటన్ నొక్కుతారు. గ్నోమ్‌లో ఆ బటన్‌కు ముందే పెట్టి ఉన్న పని సస్పెండ్. మేలుకొని ఉన్నదాన్ని లేపబోయి పండబెట్టినట్టు అవుతుంది. పవర్ సెట్టింగ్స్‌లోనే ‘పవర్ బటన్ బిహేవియర్’ అని ఉంటుంది. దాన్ని ‘నథింగ్’ అని పెట్టండి. దాంతోపాటు తెర పక్కన ఒక కాగితం అంటించండి: ‘తెర నల్లగా ఉంటే మౌస్ కదపండి, బటన్ నొక్కొద్దు.’

ఈ రెండూ చేసినాక నాలుగు రోజులు కేకలు లేవు. ఐదో రోజు సాయంత్రం మళ్లీ పండుకుంది. సెట్టింగ్స్ తెరిచి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ‘చెప్పినాం కదా, అట్లనే చేస్తాది’ అన్నారు అందరూ.

అప్పుడు లాగ్ చదివినా. లైనక్స్‌లో ప్రతి పనికీ ఒక డైరీ ఉంటుంది. టెర్మినల్‌లో ‘జర్నల్‌సీటీఎల్’ అని కొడితే ఆ డైరీ తెరుచుకుంటుంది. ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా రాసి ఉంటుంది. దాంట్లో ‘సస్పెండ్’ అనే మాట కోసం వెతికితే ‘పీఎం: సస్పెండ్ ఎంట్రీ’ అనే లైను దొరికింది. దానికి పైన ఉన్న లైన్లు చూస్తే, సరిగ్గా ఇరవై నిమిషాల ముందర కంప్యూటరు కొత్తగా ఆన్ అయ్యి ఉంది. అంటే మధ్యలో కరెంటు పోయి వచ్చింది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేటట్టు బయోస్‌లో మేమే పెట్టుకున్నాం. ఆన్ అయ్యింది, పాసవర్డ్ అడిగే తెర దగ్గర ఆగింది. ఎవరూ లాగిన్ కాలేదు. కివిక్స్‌కు లాగిన్ అక్కర్లేదు కాబట్టి పాఠాలు నడుస్తానే ఉన్నాయి. ఇరవై నిమిషాలకు నిద్ర.

నేను మార్చింది నా లాగిన్ లోపలి అమరిక. లాగిన్ తెర ఉంది చూడండి, దాన్ని జీడీఎం అంటారు, అది లెక్కకు ఇంకొక మనిషి. దానికి సొంత అమరికలు ఉంటాయి. నా గదిలో లైటు ఆర్పొద్దని నేను చెప్పుకుంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆ మాట వర్తించదు కదా. వాచ్‌మన్‌కు విడిగా చెప్పాలి.

మూడోది అదే. డెబియన్‌లో ‘ఈటీసీ’ ఫోల్డర్ లోపల ‘జీడీఎం3’ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో ‘గ్రీటర్ డాట్ డీకాన్ఫ్ హైఫన్ డిఫాల్ట్స్’ అనే ఫైలు. దాన్ని రూట్ అధికారంతో తెరవాలి. లోపల ‘స్లీప్ ఇనాక్టివ్ ఏసీ టైమౌట్’ అనే లైను ఉంటుంది, దాని విలువ 1200. అంటే 1200 సెకన్లు, అదే మన ఇరవై నిమిషాలు. సున్నా పెడితే ఎప్పటికీ వద్దు అని అర్థం, అది కూడా పైన రాసే ఉంటుంది. లైనుకు ముందర హ్యాష్ గుర్తు ఉంటే ఆ లైను పని చేయదు. హ్యాష్ తీసేసి, 1200 చోట 0 పెట్టి, సేవ్ చేసి, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేయండి. ఇన్ని వారాలు మమ్మల్ని తిప్పలు పెట్టిన అంకె ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో, ఏ అంకెకు ఏ అర్థమో పక్కనే వివరణతో సహా కూర్చుని ఉంది.

నాలుగోది, పెద్ద తాళం. పైవన్నీ ‘నిద్రపొమ్మని అడగొద్దు’ అని ఒక్కొక్కరికి చెప్పడం. ఎవరు అడిగినా నిద్రపోకుండా చేయాలంటే టెర్మినల్‌లో ఈ కమాండ్: ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్’, ఆ తర్వాత వరసగా ‘స్లీప్ డాట్ టార్గెట్’, ‘సస్పెండ్ డాట్ టార్గెట్’, ‘హైబర్నేట్ డాట్ టార్గెట్’, ‘హైబ్రిడ్ హైఫన్ స్లీప్ డాట్ టార్గెట్’. ఒక్కోదాని మధ్య ఒక ఖాళీ. డాట్ అన్న చోట చుక్క, హైఫన్ అన్న చోట చిన్న గీత. మాస్క్ చేస్తే సిస్టమ్ ఆ నిద్ర దారులను ఏమీ లేని చోటికి తిప్పేస్తుంది. ఇక ఏ ప్రోగ్రాము అడిగినా నిద్ర రాదు. వెనక్కి తీసుకోవాలంటే ‘మాస్క్’ బదులు ‘అన్‌మాస్క్’ అని అదే కమాండ్ కొడితే చాలు. అందరూ వాడే డెస్క్‌టాప్‌కు ఇది పెట్టుకోవచ్చు.

సొంత కంప్యూటర్‌కు అంత పెద్ద తాళం వద్దు. ఒక పని అయ్యేదాకా మాత్రమే మేలుకోవాలంటే ‘సిస్టమ్‌డీ హైఫన్ ఇన్‌హిబిట్’ అని రాసి దాని తర్వాత మీ పని కమాండ్ రాయండి. ఆ పని నడిచినంతసేపు నిద్రకు అడ్డం పడుతుంది, పని అయిపోతే అడ్డం దానంతటదే తొలగిపోతుంది. రాత్రిపూట పెద్ద ఫైలు దించుకునేదానికి ఇది సరిపోతుంది. కమాండ్లు వద్దనుకుంటే గ్నోమ్‌కు ‘కెఫీన్’ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. పైన కాఫీ కప్పు బొమ్మ వస్తుంది, నొక్కితే మేలుకుంటుంది, మళ్లీ నొక్కితే మామూలు అవుతుంది.

ల్యాప్‌టాప్ ఉన్న వాళ్లకు ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌లో మూత వేస్తే నిద్రపోవడం వేరే అమరిక. అది ‘లాగిన్‌డీ డాట్ కాన్ఫ్’ ఫైలులో ‘హ్యాండిల్ లిడ్ స్విచ్’ అనే లైనులో ఉంటుంది. నిద్ర మొత్తం ఆపేసిన ల్యాప్‌టాప్‌ను మూత వేసి బ్యాగులో పెట్టుకుని బస్సు ఎక్కొద్దు. లోపల అది పని చేస్తానే ఉంటుంది, వేడెక్కుతుంది, దిగేసరికి బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

కరెంటు సంగతి

‘రాత్రంతా వెలుగుతా ఉంటే బిల్లు ఎవరు కట్టాలి?’ అని వార్డెన్ సార్ అడిగినారు. న్యాయమైన ప్రశ్న. దానికి లెక్క వేసి చూపించినా. మానిటర్ ఆర్పేసి, పెట్టె ఒక్కటి 50 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 24 గంటలకు 1,200 వాట్-గంటలు, అంటే 1.2 యూనిట్లు. నెలకు 36 యూనిట్లు. పిల్లలు చదివేది పొద్దున 5 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 11. మొత్తం 9 గంటలు. ఆ తొమ్మిది గంటలే నడిపితే రోజుకు 0.45 యూనిట్, నెలకు పదమూడున్నర యూనిట్లు.

అందుకని నిద్రను పూర్తిగా తీసేసి ఊరుకోలేదు. నిద్ర ఎప్పుడు అనేది మేము నిర్ణయించినాం. లైనక్స్‌లో ‘ఆర్‌టీసీవేక్’ అని ఒక కమాండ్ ఉంది. ‘ఇప్పుడు ఆగిపో, ఇన్ని సెకన్ల తర్వాత లే’ అని చెప్పొచ్చు. రాత్రి 11కు ఆపి 21,600 సెకన్లు పెడితే ఆరు గంటలు, పొద్దున 5కు లేస్తుంది. పొద్దున 8కి ఆపి 32,400 సెకన్లు పెడితే తొమ్మిది గంటలు, సాయంత్రం 5కు లేస్తుంది. ‘క్రాన్’ అనే టైంటేబుల్‌లో ఈ రెండు లైన్లు రాసి పెడితే రోజూ దానంతటదే జరుగుతుంది. చాలా మదర్‌బోర్డుల్లో ఇది పని చేస్తుంది. మీ దాంట్లో ముందు 120 సెకన్లు పెట్టి పరీక్ష చేసి చూడండి. మంచె మీద కావలికి కూడా వంతులు ఉంటాయి కదా, అట్ల అనుకోండి.

లెక్క చూసి సార్ ఒప్పుకున్నారు. ‘టైంటేబుల్ కాగితం మీద రాసి గోడకు పెట్టు’ అన్నారు. పెట్టినాం.

రూట్ పాసవర్డ్ ఎవరి దగ్గర ఉండాలి

ఇంతవరకూ చెప్పింది కంప్యూటర్ సంగతి. నాకు దీంట్లో ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి ఉంది.

పైన చెప్పిన మార్పుల్లో మూడోది, నాలుగోది, క్రాన్ టైంటేబుల్, ఇవన్నీ చేయాలంటే రూట్ అధికారం కావాలి. ఆ పాసవర్డ్ మా చేతుల్లో ఉండబట్టి చేసుకోగలిగినాం. పెట్టె ఇచ్చిన అన్న ఆ రోజే పాసవర్డ్ కాగితం మీద రాసి ఇచ్చి, ‘ఇది మీది, విప్పి చూసుకోండి’ అన్నాడు. ఆ మాట లేకపోతే ‘అట్లనే చేస్తాదిలే’ అనే మాటే నిలబడేది. పాడవుతుందని భయపడి తాళం వేసి పెట్టే కంప్యూటర్ల మీద పిల్లలు టైపింగ్ నేర్చుకుంటారు, అంతకు మించి ముందుకు పోయే దారి ఉండదు.

లైనక్స్ మనలాంటి వాళ్లకు కొత్త కాదని కూడా తెలుసుకున్నా. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగు నేల మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ పని చేస్తా ఉంది. డెబియన్ మీద ఆధారపడి తెలుగు మెనూలతో స్వేచ్ఛ అనే పేరుతోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చేసినారు. మన జిల్లా వాళ్లు కూలికి, చదువుకు, ఉద్యోగానికి పోయే బెంగళూరులో, గురప్పనపాళ్య దగ్గర సుదర్శన్ లేఅవుట్ అనే బస్తీలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని పెట్టినారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి బస్తీ పిల్లలకు కంప్యూటర్ నేర్పినారు. పిల్లలు జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు వేసినారు. బస్తీ పిల్లల చేతికి కంప్యూటర్ ఇవ్వడానికి వాళ్లు భయపడలేదు.

నాకు ఇంకొన్ని నెలల్లో డిగ్రీ అయిపోతుంది. హాస్టల్ ఖాళీ చేసి పోవాలి. నేను పోయినాక ఏదో ఒక అప్‌డేట్ వచ్చి, లేదా ఎవరో కొత్తగా డెబియన్ వేసి, ఆ 1200 మళ్లీ వెనక్కి వస్తుంది. వస్తుందని ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే అది ముందే పెట్టి వచ్చే అంకె. అప్పుడు ‘పాత కంప్యూటరు, అట్లనే చేస్తాది’ అనే మాట కూడా వెనక్కి వస్తుంది. మన హాస్టళ్లలో చాలా మంచి పనులు సీనియర్లతో పాటే గేటు దాటి పోతాయి.

అందుకని ఒక నూరు పేజీల నోటుబుక్కు కొన్నాం. ఏ ఫైలులో ఏ లైను, ఎందుకు మార్చినాం, వెనక్కి తీసుకోవాలంటే ఏం చేయాలి అన్నీ తెలుగులో రాసినాం. పాసవర్డ్ ముగ్గురి దగ్గర ఉంటుంది. సెకండియర్ తమ్ముడు ఒకడు, ఫస్టియర్ తమ్ముడు ఒకడు, మూడోవాడు క్రేట్లు ఎత్తి డేటా కొనుక్కున్న ఆ ఇంటర్ తమ్ముడు. వాడిని కూర్చోబెట్టి లాగ్ చదవడం నేర్పినా. ఇప్పుడు ఏదైనా ఆగితే వాడు ముందు జర్నల్‌సీటీఎల్ తెరుస్తాడు, ఆ తర్వాతే మాట్లాడతాడు. పోయిన నెల వైఫై రాకపోతే అది కంప్యూటర్ తప్పు కాదని, రౌటర్ అడాప్టర్ పోయిందని వాడే కనిపెట్టినాడు.

మీ హాస్టల్‌లో, మీ ఊరి లైబ్రరీలో ఇట్లాంటి పాత డెస్క్‌టాప్ ఉంటే ముందు రెండు సంగతులు కనుక్కోండి. దాని రూట్ పాసవర్డ్ ఎవరి దగ్గర ఉంది? వాళ్లు పోతే ఎవరి దగ్గర ఉంటుంది? ఆ తర్వాత పైన రాసినవి ఒక్కొక్కటిగా చేసుకుంటా పోండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు హాస్టళ్లలో ఉన్న వాళ్లు ఎవరైనా కివిక్స్ పెట్టుకోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి. తెలుగు వికీపీడియా ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తా. నోటుబుక్కు పేజీలు ఫోటోలు తీసి రేపు ఇదే గ్రూపులో పెడతా.